పరదేశి నోరు విప్పితే: జపాన్ మనకు చెప్పే పాఠం

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం జపాన్ గురించి మాట్లాడుకుందాం. అక్కడ నివసిస్తున్న విదేశీయులు ఆ దేశపు వర్తమాన వ్యవహారాల మీద, ఆ సమాజం మీద ఏమంటున్నారు? అన్నందుకు వాళ్ళకు ఏం జరుగుతోంది? "జపాన్ సంగతి మనకెందుకు పాస్టరుగారూ" అని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాలు చెప్తాను.

మొదటిది, మన పిల్లలు అక్కడికి వెళ్తున్నారు. నైపుణ్యం గల కార్మికులను పంపే విషయంలో 2021 జనవరిలో భారత్, జపాన్‌ల మధ్య ఒప్పందం జరిగింది. ఐదేళ్ళలో 50 వేల మంది భారత్ నుంచి జపాన్‌కు పనికి వెళ్ళాలని 2025 ఆగస్టులో రెండు ప్రభుత్వాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. ఈ హాల్లో కూర్చున్న వాళ్ళలోనే కొందరు జపనీస్ భాష నేర్చుకుంటున్నారని నాకు తెలుసు.

రెండో కారణం ఇంకా దగ్గరిది. మన తాతముత్తాతలు తెలుగు నేల విడిచి కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమల్లో స్థిరపడ్డారు. మనం ఇక్కడే పుట్టాం, ఇక్కడే పెరిగాం. అయినా నీళ్ళ పంపు దగ్గర గొడవైనా, స్మశానం స్థలం దగ్గర తగాదా అయినా ఎవరో ఒకరు అననే అంటారు: "బయటినుంచి వచ్చినవాడివి, నీకెందుకు?" ఆ మాట విన్న చెవులకు జపాన్ కథ పరాయిగా అనిపించదు.

అయితే ఒక తేడా మరచిపోకూడదు. మనం ఈ దేశ పౌరులం. మనకు ఓటుంది, రాజ్యాంగం ఉంది. నేను చెప్పబోయే మనుషులకు ఓటు లేదు. ఓటు లేని మనిషి తన చుట్టూ జరిగేదాని మీద నోరు విప్పవచ్చా అన్నదే ఈ రోజు మన ప్రశ్న.

లోతుకు వచ్చిన జవాబు

ఈ ప్రశ్న బైబిల్లో చాలా తొందరగా వస్తుంది. ఆదికాండము 19వ అధ్యాయం తెరవండి. సొదొమ పట్టణంలో లోతు ఇంటిని ఊరివాళ్ళు చుట్టుముట్టారు. అతని ఇంటికి వచ్చిన అతిథులను బయటికి పంపమన్నారు. ఈ పాపం చేయవద్దని లోతు బతిమాలాడు. అప్పుడు ఊరివాళ్ళు ఇచ్చిన జవాబు గమనించండి. పరదేశిగా బతకడానికి వచ్చినవాడు మనకు తీర్పరి కావాలని చూస్తున్నాడు అన్నారు.

లోతు నీతిమంతుడిలా మాట్లాడాడని నేను అనడం లేదు. అతిథులను కాపాడడానికి సొంత కూతుళ్ళను ఇస్తానన్నాడు. అది ఘోరమైన మాట. ఊరివాళ్ళు పట్టుకోవాలంటే ఆ మాటను పట్టుకోవచ్చు. కాని వాళ్ళు దాన్ని పట్టుకోలేదు. నువ్వు చెప్పింది తప్పు అనలేదు, చెప్పడానికి నువ్వెవడివి అన్నారు. సొదొమ పాపాల గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. పరదేశి నోరు మూయించడం కూడా వాటిలో ఒకటని ఎవరైనా చెప్పగా విన్నారా?

ఒక ఇంగ్లిషు టీచరు కేసు

ఇప్పుడు జపాన్‌కు వద్దాం. 1969లో రొనాల్డ్ మెక్లీన్ అనే అమెరికన్ ఇంగ్లిషు బోధించడానికి జపాన్ వచ్చాడు. ఏడాదికి అనుమతి ఇచ్చారు. అవి వియత్నాం యుద్ధం రోజులు. ఆయన యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనల్లో పాల్గొన్నాడు. విదేశీయుల మీద మరింత పట్టు బిగించే బిల్లును కూడా వ్యతిరేకించాడు. మరుసటి ఏడాది గడువు పెంచమని అడిగితే ప్రభుత్వం కాదంది. చెప్పకుండా ఉద్యోగం మారాడన్నది ఒక కారణం, రాజకీయ కార్యకలాపాలు మరో కారణం.

ఆయన కోర్టుకు వెళ్ళాడు. కింది కోర్టులో గెలిచాడు, పై కోర్టులో ఓడాడు. 1978 అక్టోబరు 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో రెండు ముక్కలున్నాయి. పౌరులకు మాత్రమే చెందే హక్కులు మినహా, రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు విదేశీయులకు కూడా వర్తిస్తాయని మొదటి ముక్క. వినడానికి ఎంత బాగుందో చూడండి. కాని ఆ హక్కులు నివాస అనుమతి ఇచ్చే విధానానికి లోబడే ఉంటాయని రెండో ముక్క. అంటే ఆయన చేసింది నేరం కాకపోయినా, అనుమతి పొడిగించేటప్పుడు మంత్రి దాన్ని ఆయనకు వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చు.

సులువుగా చెప్పాలంటే, మాట్లాడే హక్కు నీకుంది, మాట్లాడాక ఇక్కడ ఉండే హక్కు మాత్రం లేదు. ఇల్లు అద్దెకిచ్చినవాడు "నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకో, వచ్చే నెల ఇల్లు ఖాళీ చేయి" అన్నట్టుంది. ఆ తీర్పు వచ్చి 45 ఏళ్ళు దాటినా, విదేశీయుల హక్కుల కేసుల్లో ఇప్పటికీ దాన్నే ముందు పెడతారు. అక్కడి విదేశీయుల్లో చాలామంది బహిరంగంగా మాట్లాడే ముందు వీసా గడువు ఎప్పుడో గుర్తు చేసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎవరిని "మీ దేశానికి పొండి" అంటున్నారు?

విదేశీయుడు విమర్శ చేయగానే ఏ దేశంలోనైనా వచ్చే మొదటి జవాబు "నచ్చకపోతే మీ దేశానికి వెళ్ళిపో" అన్నదే. జపాన్‌లో ఈ మాట ఎక్కువగా పడింది అక్కడి కొరియన్ల మీద. వాళ్ళ చరిత్ర తెలిస్తే ఆ మాటలో ఎంత అన్యాయం ఉందో అర్థమవుతుంది.

1910లో జపాన్ కొరియాను తన రాజ్యంలో కలుపుకుంది. కొరియన్లందరూ చక్రవర్తి ప్రజలని ప్రకటించింది. బతుకుతెరువు కోసం కొందరు వచ్చారు, యుద్ధకాలంలో గనులకూ కర్మాగారాలకూ బలవంతంగా తరలించబడినవాళ్ళు కొందరు. జపాన్‌లో ఉన్న కొరియన్ మగవాళ్ళకు అప్పట్లో ఓటు కూడా ఉండేది. 1932లో ఒక కొరియన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు కూడా. 1945లో యుద్ధం ముగిసింది. ఆ డిసెంబరులోనే వాళ్ళ ఓటు తీసేశారు. 1947లో విదేశీయులుగా పేర్లు నమోదు చేసుకోమన్నారు. 1952 ఏప్రిల్ 28న శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజున వాళ్ళ జపాన్ జాతీయత పోయింది. ఏది కావాలో ఎంచుకోమని ఎవరూ అడగలేదు.

చూశారా? ఆ మనిషి ఉన్నచోటే ఉన్నాడు. అదే వీధి, అదే ఇల్లు. కాగితం మారింది, అతను పరదేశి అయిపోయాడు. జపాన్‌లో పౌరసత్వం పుట్టిన చోటును బట్టి రాదు, తల్లిదండ్రులను బట్టి వస్తుంది. అందుకే మూడో తరం, నాలుగో తరం పిల్లలు కూడా చట్టం దృష్టిలో విదేశీయులే. జపనీస్ తప్ప మరో భాష రాని ఆ పిల్లవాణ్ణి "మీ దేశానికి పో" అంటే అతను ఎక్కడికి వెళ్ళాలి?

ఒక యెన్ కోసం కోర్టుకెక్కిన పాస్టరు

ఈ జనంలోనుంచి ఇద్దరు పాస్టర్ల గురించి చెప్తాను. ఇద్దరూ కొరియన్ల సంఘాలకు కాపరులు. జపాన్ జనాభాలో క్రైస్తవులు నూటికి ఒక్కరు. అందులో కొరియన్ సంఘమంటే చిన్నవాటిలో చిన్నది.

మొదటివారు కొకురాలోని పాస్టర్ చోయ్ చాంగ్ హ్వా గారు. 1975లో జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఒక వార్తలో ఆయన పేరును జపనీస్ ఉచ్చారణలో "సాయ్ షోకా" అని చదివింది. నా పేరు చోయ్ చాంగ్ హ్వా, అలాగే చదవండి అని ఆయన అడిగారు. వినలేదు. ఆయన దావా వేశారు. అడిగిన నష్టపరిహారం ఎంతో తెలుసా? ఒక్క యెన్.

చాలామంది నవ్వి ఉంటారు. పేరు ఎలా పలికితే ఏముంది అని. కాని వలస పాలన చివరి రోజుల్లో కొరియన్ల చేత జపనీస్ పేర్లు పెట్టించారు. తర్వాత కూడా ఉద్యోగం కోసం, అద్దె ఇంటి కోసం కొరియన్లు జపనీస్ పేర్ల వెనక దాక్కోవలసి వచ్చింది. ఊరిబయట వాడలో పుట్టిన మన పెద్దలను ఊరివాళ్ళు అసలు పేరుతో కాకుండా కురచ చేసి, హీనంగా పిలిచిన రోజులు మనకు తెలుసు. పేరును సరిగా పలకడం గౌరవంలో మొదటి మెట్టు.

1988లో సుప్రీంకోర్టు ఆయన కేసు కొట్టేసింది. అయితే మనిషి పేరును సరిగా పిలిపించుకోవడంలో చట్టం కాపాడదగిన ప్రయోజనం ఉందని అదే తీర్పులో ఒప్పుకుంది. కేసు నడుస్తుండగానే ప్రసార సంస్థలు కొరియన్ పేర్లను కొరియన్ ఉచ్చారణలో చదవడం మొదలుపెట్టాయి. ఆయన కేసు ఓడారు, అడిగింది సాధించారు.

ఆ కుటుంబం అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో విదేశీయులుగా నమోదైనవాళ్ళు నేరస్థుల్లా వేలిముద్ర ఇవ్వాలి. 1980 తర్వాత వేలాదిమంది ఇవ్వబోమన్నారు. పియానో వాయించే ఆయన కుమార్తె కూడా నిరాకరించింది. 1986లో చదువు కోసం అమెరికా వెళ్తుంటే తిరిగి రావడానికి అనుమతి ఇవ్వలేదు. అయినా వెళ్ళింది. పుట్టిన దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు పోగొట్టుకుంది. దాన్ని తిరిగి పొందడానికి పదేళ్ళకు పైగా పట్టింది. నమోదు కోసం వేలిముద్ర తీసుకునే పద్ధతిని 1993లో శాశ్వత నివాసులకు, 2000లో మిగతా అందరికీ ఎత్తేశారు.

కవాసాకి సంఘం చేసిన పని

రెండోవారు పాస్టర్ లీ ఇన్ హా గారు. కవాసాకి టోక్యో పక్కనే ఉన్న కర్మాగారాల నగరం. అక్కడి సకురామొతో వాడలో కొరియన్ కార్మికులు స్థిరపడ్డారు. లీ గారి సంఘం 1969లో చర్చి భవనంలోనే చిన్నపిల్లల బడి తెరిచింది. కొరియన్ పిల్లలూ జపనీస్ పిల్లలూ కలిసి వచ్చారు. కొరియన్ పిల్లలను వాళ్ళ సొంత పేర్లతో పిలిచారు.

1970లో పాక్ చోంగ్ సోక్ అనే కుర్రాడు, జపాన్‌లోనే పుట్టినవాడు, హిటాచి కంపెనీ పరీక్ష రాశాడు. దరఖాస్తులో తన జపనీస్ పేరు రాశాడు. ఉద్యోగం వచ్చింది. కుటుంబ రిజిస్టరు నకలు తెమ్మన్నారు. నేను కొరియన్ని, నాకది ఉండదు అన్నాడు. ఉద్యోగం పోయింది. అతని పక్కన మొదట నిలబడింది జపనీస్ విద్యార్థులు. తర్వాత లీ గారు, ఆయన సంఘం, న్యాయవాదులు. 1974 జూన్ 19న యొకోహామా జిల్లా కోర్టు ఇది జాతి వివక్షేనని తీర్పు ఇచ్చింది. అతను అదే కంపెనీలో చేరి 2011లో పదవీ విరమణ చేసేదాకా పనిచేశాడు.

లీ గారు 1979లో రాసిన పుస్తకం పేరులో ఒక బైబిలు మాట ఉంది. తన ప్రజలను "కిర్యూ నో తమి" అన్నారు. అంటే పరాయి చోట కాపురమున్న జనం. హీబ్రూలో "గేర్" అన్న మాటకు సరిపడే మాట అది. ధర్మశాస్త్రంలో గేర్ అంటే దారిన పోయే అతిథి కాదు. అక్కడే పని చేస్తూ, అక్కడే పిల్లల్ని పెంచుతూ, భూమి మాత్రం లేనివాడు. లేవీయకాండము 19వ అధ్యాయం అతన్ని మీలో పుట్టినవానిలా చూడమంటుంది, నీలా ప్రేమించమంటుంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం అతనికి న్యాయం తప్పించవద్దంటుంది. యెహెజ్కేలు 47వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్ళి అతనికి భూమిలో వాటా ఇవ్వమంటుంది. న్యాయం అడగాలంటే నోరు విప్పాలి కదా. మూగగా ఉండే గేర్‌కు న్యాయం ఎలా దొరుకుతుంది?

లీ గారి మాట వెళ్ళిన దూరం చూడండి. 1996లో కవాసాకి నగరం ఒక చట్టం చేసి విదేశీ నివాసుల ప్రతినిధుల సభను ఏర్పాటు చేసింది. అందులో 26 మంది వరకు ఉండవచ్చు. వాళ్ళు నగర విషయాల మీద చర్చించి మేయరుకు నివేదిక ఇస్తారు. మొదటి అధ్యక్షుడు పాస్టర్ లీ గారే. విదేశీయుడని ఇల్లు అద్దెకివ్వకపోవడం గురించి ఆ సభ మాట్లాడింది. 2000లో నగరం గృహవసతి చట్టం చేసి, అద్దె ఇల్లు దొరకనివారికి సాయం చేసే పద్ధతి పెట్టింది.

ఇది ఓటుకు సమానం కాదు. శాశ్వత నివాసులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇవ్వడానికి రాజ్యాంగం అడ్డు కాదని 1995లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. అయినా పార్లమెంటు ఆ చట్టం చేయలేదు. ఓటు కావాలంటే పౌరసత్వం మార్చుకోవాలి. భారతదేశంలో పుట్టిన యోగేంద్ర పురాణిక్ గారు జపాన్ పౌరుడయ్యాకే 2019లో టోక్యోలోని ఎదొగావా వార్డు సభకు ఎన్నికయ్యారు. ఆ పౌరసత్వం కోసం భారత పౌరసత్వం వదులుకోవాలి. అది చిన్న ధర కాదు.

పౌరసత్వం వచ్చినా అందరూ ఒప్పుకుంటారా? అమెరికాలో పుట్టి జపాన్ పౌరుడైన ఆరుదో దేబితో గారిని ఒతారు పట్టణంలో ఒక స్నానశాల లోపలికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర జపానీలకు మాత్రమే అన్న బోర్డు. ఆయన కాగితం చూపించినా ముఖం చూసి ఆపారు. ఆయన, మరో ఇద్దరు కోర్టుకు వెళ్ళారు. 2002లో సప్పొరో జిల్లా కోర్టు ముగ్గురికీ తలా పది లక్షల యెన్‌లు ఇమ్మంది.

ఎవరి మాట ఎంత దూరం వినబడుతుంది?

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. విదేశీయులందరి గొంతూ ఒకే ఎత్తులో ఉండదు. ఇంగ్లిషు మాట్లాడే తెల్ల ప్రొఫెసరు జపాన్ గురించి అభిప్రాయం చెప్తే పత్రిక వేసుకుంటుంది, నచ్చకపోతే తిట్టుకుంటుంది. పొలంలో క్యాబేజీ కోసే వియత్నాం అమ్మాయిని ఎవరూ అభిప్రాయం అడగరు.

1993లో జపాన్ "శిక్షణ కార్మికుల" పథకం మొదలుపెట్టింది. పని నేర్చుకుని స్వదేశం వెళ్ళి అక్కడ ఉపయోగించాలని పేరు. జరిగింది చాలాచోట్ల చవక కూలి. ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తిమీద, యజమానిని మార్చుకునే వీలు లేదు. అలాంటి మనిషి జీతం తక్కువిచ్చారని ఎవరితో చెప్తుంది? చెప్పలేనివాళ్ళు పారిపోతారు. 2023 ఒక్క ఏడాదిలో 9,700 మందికి పైగా పని చోటు వదిలి కనబడకుండా పోయారు. 2024లో ఈ పథకం స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. 2027 నుంచి కొన్ని షరతులతో యజమానిని మార్చుకోవచ్చు. మన పిల్లలు ఇది తెలుసుకుని వెళ్ళాలి.

శ్రీలంకకు చెందిన విష్మ సందమాలి కథ ఇంకా బాధాకరం. పిల్లలకు ఇంగ్లిషు నేర్పాలన్న కోరికతో 2017లో జపాన్ వెళ్ళింది. వీసా గడువు దాటింది. 2020లో, కలిసి ఉంటున్న మనిషి కొడుతున్నాడని పోలీసులను ఆశ్రయిస్తే, గడువు దాటిందని నగోయా నిర్బంధ కేంద్రానికి పంపారు. అక్కడ జబ్బు పడింది. తినలేకపోతున్నాను, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని పదే పదే వేడుకుంది. విడుదల కోసం అతిగా చెప్తోందని కొందరు సిబ్బంది అనుకున్నారు. 2021 మార్చి 6న చనిపోయింది. వయసు 33. ఆమె రాజకీయాల మీద అభిప్రాయం చెప్పలేదు. నాకు ఒంట్లో బాగోలేదు అంది. పరదేశి మాటను నమ్మని అలవాటు ఎంతదాకా వెళ్తుందో చూడండి.

ఆమె కోసం జపాన్‌లో చాలామంది వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం తెచ్చిన నిర్బంధ చట్ట సవరణను ఆ ఏడాది వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అయితే 2023లో అలాంటి బిల్లునే మళ్ళీ తెచ్చి ఆమోదించారు.

అభిప్రాయం వేరు, విషం వేరు

ఇప్పుడు ఒక యువకుడు లేచి, "అందరికీ మాట్లాడే హక్కుంటే విదేశీయులను తిట్టేవాళ్ళకు కూడా ఉంటుంది కదా" అని అడగవచ్చు. మంచి ప్రశ్న.

1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని పుకారు పుట్టింది. గుంపులు కర్రలు, కత్తులు పట్టుకుని దారి కాశాయి. కొన్ని మాటలు పలికించి, ఉచ్చారణ తేడాగా ఉంటే చంపాయి. చనిపోయిన కొరియన్ల సంఖ్య మీద ఇప్పటికీ వాదం ఉంది, వేల సంఖ్యలో అన్నది ఎక్కువమంది పరిశోధకుల మాట. న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో యొర్దాను రేవు దగ్గర "షిబ్బోలెతు" పలకలేనివాళ్ళను చంపిన సంగతి మీకు గుర్తు రావడం లేదా?

ఆ జ్ఞాపకం ఉన్న మనుషుల వీధిలోకి, సకురామొతోలోకి, 2015లోను 2016లోను కొందరు మైకులతో వచ్చారు. కొరియన్లను వెళ్ళగొట్టాలని, చంపాలని కేకలు వేశారు. స్థానికులు, కొరియన్లూ జపానీలూ కలిసి, రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. 2016లో పార్లమెంటు ద్వేష ప్రసంగాల మీద చట్టం చేసింది, కాని శిక్ష పెట్టలేదు. 2019లో కవాసాకి నగరం ఆ పని చేసింది. బహిరంగ స్థలంలో పదే పదే అలాంటి ద్వేషం చిమ్మేవారికి 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా. జపాన్‌లో ఇలాంటి శిక్ష పెట్టిన మొదటి నగరం అదే.

అధికారులను విమర్శించడం అభిప్రాయం. పక్కింటివాడు బతకకూడదనడం అభిప్రాయం కాదు. మెక్లీన్ మాట వల్ల ఎవరి ఇల్లూ కూలలేదు. 1923 పుకారు వల్ల మనుషులు చచ్చిపోయారు.

పుకార్లు ఇంకా ఆగలేదు. 2025 ఆగస్టులో జపాన్ నాలుగు పట్టణాలను నాలుగు ఆఫ్రికా దేశాలకు స్నేహ పట్టణాలుగా ప్రకటించింది. సాంస్కృతిక సంబంధాల కోసం చేసిన చిన్న కార్యక్రమం. ఆ పట్టణాలను ఆఫ్రికన్లకు ఇచ్చేస్తున్నారని పుకారు లేచింది. పట్టణ కార్యాలయాలకు ఫోన్లు వెల్లువెత్తాయి. సెప్టెంబరులో కార్యక్రమాన్నే రద్దు చేశారు. అదే ఏడాది జూలై ఎన్నికల్లో "జపానీలే ముందు" అన్న నినాదంతో ఒక పార్టీ ఎగువ సభలో 14 స్థానాలు గెలిచింది.

ఆ పార్టీకి ఓటేసినవాళ్ళందరినీ ద్వేషులని కొట్టిపారేయకండి. జీతాలు పెరగక, ధరలు పెరిగి విసిగిన మనుషులు చాలామంది. 2024లో జపాన్‌లో పుట్టిన జపానీ శిశువులు 7 లక్షల లోపే. పల్లెలు ఖాళీ అవుతున్నాయి. తమ ఊరు తమకు తెలియకుండా మారిపోతోందన్న భయం వాళ్ళది. ఆ భయాన్ని వినాలి. కాని 2024 చివరికి విదేశీ నివాసులు 37 లక్షల 68 వేల మంది, జనాభాలో సుమారు 3 శాతం. ముసలివాళ్ళకు అన్నం తినిపించేదీ, రాత్రి కర్మాగారం నడిపేదీ, పొద్దున్నే దుకాణం తెరిచేదీ వాళ్ళలో చాలామంది. మూడు శాతం జీతాలను మింగేయదు. కోపం తగలవలసిన చోటు వేరే ఉంది.

మనం చేయవలసింది

యువతకు మూడు మాటలు చెప్తాను.

జపాన్ వెళ్ళేవాళ్ళారా, నోరు మూసుకుని డబ్బు పంపండని మీకు చాలామంది సలహా ఇస్తారు. నేను అలా చెప్పను. నోటికొచ్చింది అనమని కూడా చెప్పను. ముందు భాష నేర్చుకోండి, పక్కింటివాళ్ళను తెలుసుకోండి, చట్టం చదవండి. పాస్‌పోర్టు యజమాని చేతికి ఇవ్వకండి. అన్యాయం చూసినప్పుడు ఒంటరిగా కాక కార్మిక సంఘంతో, చర్చితో, న్యాయవాదితో కలిసి మాట్లాడండి. బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం, 29వ అధ్యాయం, మళ్ళీ చదవండి. ఇళ్ళు కట్టుకోమన్నాడు, చెట్లు నాటమన్నాడు, ఆ పట్టణం క్షేమం కోరమన్నాడు. పట్టణం క్షేమం కోరేవాడు దాని రోగం చూసి ఊరుకోలేడు. లీ ఇన్ హా గారి విమర్శ కవాసాకి మీద ప్రేమతో పుట్టింది. అందుకే జపానీలు కూడా ఆయన వెనక నడిచారు.

ఇక్కడే ఉండేవాళ్ళారా, మన ఊళ్ళలో మనం మాట్లాడేటప్పుడు తెలుగువాళ్ళ కోసం మాత్రమే మాట్లాడకండి. హిటాచి కేసులో కొరియన్ కుర్రాడి పక్కన జపనీస్ విద్యార్థులు నిలబడ్డారు. మనం కూడా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కార్మికుడి పక్కన నిలబడితే, మనల్ని "బయటివాడు" అనే నోళ్ళు వాటంతట అవే తగ్గుతాయి.

మూడో మాట సంఘాలకు. మన గుమ్మం ముందు కూడా పరదేశులున్నారు. రాత్రి కాపలా కాసే నేపాలీ కాపలాదారు, భవనం పని చేసే బీహారీ కూలీ, తమిళనాడు శిబిరాల్లో దశాబ్దాలుగా ఉంటున్న శ్రీలంక తమిళులు. వీళ్ళలో కొందరికి పౌరసత్వం ఉంది, కొందరికి లేదు. వీళ్ళకు ఎప్పుడైనా మన సంఘ కూటంలో రెండు నిమిషాలు మైకు ఇచ్చామా? బియ్యం సంచి ఇచ్చాం, దుప్పటి ఇచ్చాం, ఫోటో తీశాం. మీకేం కావాలి, మా గురించి మీరేమనుకుంటున్నారు అని అడగలేదు. వచ్చే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రతి సంఘం ఆ పని చేయాలని నా కోరిక. వాళ్ళు చెప్పేది మనకు నచ్చకపోవచ్చు. చెప్పింది తప్పైతే తప్పని వాదిద్దాం. చెప్పడానికి నువ్వెవరు అని మాత్రం అనవద్దు. ఆ జవాబు సొదొమ ఇచ్చింది.

పసితనంలో ఐగుప్తులో పరదేశిగా బతికిన ప్రభువు మన సంఘాలకు వినే చెవులు ఇచ్చును గాక. ఆమేన్.